హైదరాబాద్ ఎండల్లో పెద్ద గాడ్జిల్లా బొమ్మలు: ఏళ్ల తరబడి పెట్టుకున్నాక నా సమీక్ష

ఏడెనిమిదేళ్లుగా మా హాల్లోని షోకేసులో జపాన్ సినిమాల రాక్షస జంతువు గాడ్జిల్లా పెద్ద సైజు బొమ్మలు ఉన్నాయి. పెద్ద సైజు అంటే అరచేతిలో ఇమిడేవి కాదు. 25 సెంటీమీటర్ల నుంచి 50 సెంటీమీటర్ల దాకా ఎత్తుండి, తోక కూడా కలిపితే ఒక అరంతా ఆక్రమించేవి. చాలావరకు జపాన్‌కు చెందిన ఎక్స్‌ప్లస్ కంపెనీ చేసిన సాఫ్ట్ వినైల్ (మెత్తటి ప్లాస్టిక్) బొమ్మలే. వేరే కంపెనీలవి ఒకటి రెండు, పాలీస్టోన్ (రెసిన్‌లో రాతిపొడి కలిపి పోసేది) విగ్రహం ఒకటి ఉన్నాయి. డబ్బా విప్పిన రోజు తీసే వీడియోలు కావలసినన్ని దొరుకుతాయి. మన ఎండలో, మన దుమ్ములో ఏళ్లు గడిచాక బొమ్మ ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. కొనాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లందరికీ కావలసింది ఆ సంగతే.

నా మాట ముందే చెప్పేస్తాను. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు 30 సెంటీమీటర్ల వినైల్ బొమ్మను మించింది లేదు. పది చిన్నవి కొనే డబ్బుతో ఇలాంటిది ఒక్కటి కొనండి.

ఎందుకంటే ఈ సైజులోనే చర్మం కనిపిస్తుంది. గాడ్జిల్లాలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఆ చర్మమే. మొదటి సినిమా 1954 నవంబర్ 3న జపాన్‌లో విడుదలైంది. అదే ఏడాది మార్చి 1న అమెరికా బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పేల్చింది. అణుధూళి జపాన్ చేపల పడవ ఒకదాని మీద పడి, అందులోని జాలర్లు జబ్బుపడ్డారు. ఆ వేడిలో పుట్టిన కథ ఇది. అందుకే గాడ్జిల్లా ఒంటి మీద మొసలి పొలుసులు ఉండవు. హిరోషిమా, నాగసాకి బాంబు దాడుల్లో కాలి బతికినవాళ్ల ఒంటి మీద మిగిలిన మచ్చల్లాంటి గడ్డలు, ముడతలు ఉంటాయి. పదిహేను సెంటీమీటర్ల బొమ్మలో ఇవన్నీ కలిసిపోయి ఉత్త గరుకుదనంగా మిగులుతాయి. ముప్పైలో ఒక్కో గడ్డ విడిగా కనిపిస్తుంది.

రాత్రి హాల్లో లైట్లు ఆపి, ఫోన్ టార్చ్‌ను బొమ్మకు పక్కగా, మోకాలి ఎత్తులో పట్టుకుని చూడండి. నా దగ్గరున్న 1954 గాడ్జిల్లా తొడ మీద ముడతలు నిలువుగా దిగుతూ, మోకాలి దగ్గర ఒక్కసారిగా అడ్డంగా తిరిగి ఒకదాని మీద ఒకటి పడతాయి. అది జంతువు మోకాలు కాదు, రబ్బరు సూట్ వేసుకున్న మనిషి మోకాలు వంచినప్పుడు పడే మడత. ఆ సూట్ బరువు వంద కిలోల దాకా ఉండేదని చెబుతారు. దాన్ని మోసుకుంటూ నడిచిన నటుడు హరువో నకజిమా. బొమ్మ చెక్కినవాళ్లు ఆ మడతను చదును చేసి అందంగా మార్చకుండా అలాగే ఉంచారు. ఏళ్లు గడిచినా దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అన్ని గాడ్జిల్లాలూ ఒకేలా కనిపిస్తాయి. నిజానికి దాదాపు ప్రతి సినిమాకూ సూట్ మారింది. సేకరించేవాళ్లు 1954దాన్ని షోదాయ్‌గోజీ, 1962దాన్ని కింగోజీ, 1964దాన్ని మోసుగోజీ, 1989దాన్ని బియోగోజీ అని విడివిడి పేర్లతోనే పిలుస్తారు. మొదటిదానికి పాదానికి నాలుగు వేళ్లు, చిన్న చెవులు. 1962లో కింగ్ కాంగ్‌తో తలపడినప్పటికి వేళ్లు మూడయ్యాయి, చెవులు పోయాయి. 1984లో నాలుగో వేలు తిరిగి వచ్చింది. 1989 నాటి తలకు నోట్లో రెండు వరసల పళ్లు. మంచి కంపెనీ బొమ్మ అయితే ఇవన్నీ సరిగ్గా ఉంటాయి. ఎక్స్‌ప్లస్‌ను నేను ఇష్టపడేది ఇందుకే. వాళ్లు ‘గాడ్జిల్లా’ని చెయ్యరు, ఫలానా ఏడాది ఫలానా సూట్‌ని చేస్తారు. ముఖ్యంగా శిల్పి యూజీ సకాయ్ చేతి పని ఉన్న బొమ్మ దొరికితే ధర కాస్త ఎక్కువైనా వదులుకోవద్దని చెబుతాను.

రంగుల గురించి చెప్పాలంటే బొగ్గు నలుపు మీద బూడిద రంగును పొడి బ్రష్‌తో తేలిగ్గా అద్దుతారు. ఏళ్లు గడిచినా నా బొమ్మల్లో ఎక్కడా పెచ్చు లేవలేదు. కొనేముందు చూడాల్సింది కళ్లు. కనుపాపలు ఒక్క మిల్లీమీటరు పక్కకు పోయినా క్రూరంగా ఉండాల్సిన ముఖం బిత్తరపోయినట్టు కనిపిస్తుంది.

ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. మొదటి సినిమాకు స్పెషల్ ఎఫెక్ట్స్ చేసిన ఎయిజీ త్సుబురాయా కెమెరాను కింద పెట్టి పైకి చూపించేవాడు. ఎక్కువ వేగంతో షూట్ చేసి మామూలు వేగంతో చూపించడం వల్ల అడుగు బరువుగా పడేది. ఇంట్లోనూ అంతే. టీవీ కింది బల్ల మీద పెట్టి పైనుంచి చూస్తే ఎంత గొప్ప బొమ్మయినా ఆటబొమ్మే. మీ కళ్లు బొమ్మ మోకాలి దగ్గరకో నడుము దగ్గరకో వచ్చేంత ఎత్తులో అర పెట్టండి. ఖైరతాబాద్ గణపతిని తలెత్తి చూసినవాళ్లకు ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. అక్కడ మొదటి విగ్రహం పెట్టింది కూడా 1954లోనే.

స్కేలు కోసం నేనొక పని చేశాను. 1954 గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. 30 సెంటీమీటర్ల బొమ్మ అంటే దాదాపు 167వ వంతు. హుస్సేన్‌సాగర్ మధ్యలో ఉన్న బుద్ధ విగ్రహం సుమారు 18 మీటర్లు. ఆ లెక్కన 11 సెంటీమీటర్లు వస్తుంది. అంత ఎత్తున అట్టముక్క కత్తిరించి పక్కన నిలబెడితే గాడ్జిల్లా తొడ దాకా వచ్చింది. పక్క ఫ్లాట్ పిల్లాడు దాన్ని చూసి, “అంకుల్, అయితే హుస్సేన్‌సాగర్‌లో దిగి నిలబడితే నీళ్లు మోకాళ్ల దాకా కూడా రావు కదా!” అన్నాడు. అప్పటినుంచి వచ్చినప్పుడల్లా మన ఊళ్లో ఒక్కో కట్టడం ఎత్తు అడిగి అట్టముక్కలు కత్తిరిస్తున్నాడు. ఒక సంగతి గుర్తుంచుకోండి. అన్ని బొమ్మలూ ఒకే స్కేలులో రావు. 2016 నాటి గాడ్జిల్లా 118.5 మీటర్లు. దాన్ని ఇదే స్కేలులో చేస్తే 70 సెంటీమీటర్లు దాటుతుంది.

ఇక అసలు విషయం, ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, వినైల్ ఎంత? ఈ బొమ్మలు లోపల బోలుగా ఉంటాయి. ఒంటి బరువంతా చీలమండల మీదే పడుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. పైఅంతస్తులో, పడమటి గోడకు ఆనించిన షోకేసులో అయితే వేడి రాత్రి కూడా దిగదు. ఆ వేడికి వినైల్ మెత్తబడి బొమ్మ నెమ్మదిగా ముందుకు వాలుతుంది. ఒక్క రోజులో తెలియదు. నా దగ్గరున్న 50 సెంటీమీటర్ల బొమ్మ మొదటి వేసవి గడిచేసరికి గడ్డం దాదాపు అద్దానికి తగిలేంత వంగింది. 30 సెంటీమీటర్లవి కూడా వాలాయి కానీ కొద్దిగానే. తోక నేలకు బాగా ఆనేవి అసలు కదల్లేదు. కొనేటప్పుడు తోక భంగిమ చూడమని నేను పదేపదే చెప్పేది అందుకే. రెండు కాళ్లు, తోక కలిసి ముక్కాలి పీటలా నిలబడే బొమ్మకు మన ఊళ్లో ఆయుష్షు ఎక్కువ.

వాలిన బొమ్మను సరిచెయ్యొచ్చు, భయపడక్కర్లేదు. హెయిర్ డ్రయర్‌ను దూరంగా పట్టుకుని, ఒకేచోట ఆపకుండా చీలమండలూ మోకాళ్లూ చుట్టూ వేడి చెయ్యాలి. వినైల్ చేతికి మెత్తగా తగిలినప్పుడు బొమ్మను నిటారుగా, కావాలంటే కొద్దిగా వెనక్కి వంచి పట్టుకుని, ఆ చోట చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టాలి. పూర్తిగా చల్లారేదాకా చెయ్యి తీయకూడదు. ఇద్దరుంటే సులువు. మా ఇంట్లో డ్రయర్ నా భార్య పడుతుంది, బొమ్మను నేను పడతాను. తర్వాత ఛాతీ కింద కనపడకుండా పారదర్శకమైన యాక్రిలిక్ కడ్డీ ఒకటి ఊతగా పెట్టాను, బొమ్మకు తగిలే చోట చిన్న గుడ్డముక్క వేసి. షోకేసును తూర్పు గోడకు మార్చాను. ఆ తర్వాత వచ్చిన వేసవుల్లో మళ్లీ వాలలేదు. తోక, చేతులు మొదటిసారి అతికించేటప్పుడు కూడా ఇదే పద్ధతి. బలవంతంగా తోస్తే అతుకు చిరుగుతుంది, వేడి చేస్తే వెన్నలా దిగుతుంది.

వినైల్‌ను మెత్తగా ఉంచేందుకు కలిపే నూనెలాంటి పదార్థం ఏళ్ల మీద మెల్లగా బయటికి వస్తుంది. రంగు వేసిన చెక్క మీదో ప్లాస్టిక్ మీదో బొమ్మను నెలల తరబడి ఉంచితే పాదం అతుక్కుపోతుంది, కింద మరక పడుతుంది. గాజు అర మీద ఆ ఇబ్బంది లేదు. మా వడ్రంగి చేత షోకేసు చేయించినప్పుడు అరలన్నీ గాజువే పెట్టించాను. తలుపులు మరీ బిగుతుగా కాకుండా కాస్త గాలి ఆడేలా వదిలాం. మూసిపెట్టిన చోటే జిగురు ఎక్కువ పడుతుంది. దుమ్ముకు మెత్తటి మేకప్ బ్రష్ చాలు. జిడ్డు పట్టినట్టనిపిస్తే గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి తుడిచి, నీడలో ఆరబెట్టండి. శానిటైజర్, థిన్నర్ దగ్గరికి రానీయకండి. రంగు పోతే మళ్లీ రాదు. అట్టపెట్టెలను అటక మీద పెట్టేవాళ్లు చెదలు రాకుండా కలరా ఉండలు వేస్తుంటారు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది. బొమ్మ లోపల ఉంటే అసలు వెయ్యొద్దు.

పాలీస్టోన్ విగ్రహం సంగతి క్లుప్తంగా చెబుతాను. అది ఎండకు వంగదు, వివరాలు ఇంకా పదునుగా ఉంటాయి. కానీ రాయిలా బరువు. ఒక్కసారి జారితే వేలో తోక కొసో విరుగుతుంది. చిన్నపిల్లలున్న ఇంటికి నేను సలహా ఇవ్వను. కీళ్లు కదిలే చిన్న ఫిగర్లలో బందాయ్ వాళ్ల ఎస్.హెచ్. మాన్‌స్టర్ ఆర్ట్స్ చక్కటి పనితనం, ఫొటోలు తీసేవాళ్లకు అవే సరి. నాకు మాత్రం కీళ్ల దగ్గర చర్మం తెగినట్టుంటే మనసొప్పదు.

డబ్బు దగ్గరికొద్దాం. ఇలాంటి పెద్ద బొమ్మలు మన ఊళ్లో షాపుల్లో నాకెప్పుడూ కనిపించలేదు. హైటెక్స్‌లో కామిక్ కాన్ జరిగినప్పుడు కూడా చిన్నవే ఎక్కువ. జపాన్ నుంచి తెప్పించుకోవాల్సిందే. అక్కడి ధర చూసి ఉత్సాహపడొద్దు. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. పైన జీఎస్‌టీ ఉండనే ఉంది. కొరియర్ వాళ్లు చాలాసార్లు బరువును కాకుండా పెట్టె సైజును లెక్కేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదే వాళ్ల కిలోలు. బోలు బొమ్మకు ఇది పెద్ద దెబ్బ. చివరికి చేతికొచ్చేసరికి అసలు ధరకు దాదాపు రెట్టింపవుతుందనుకుని బడ్జెట్ వేసుకోండి. ఒకసారి పెట్టె మూల నలిగి, తోక మీద రంగు గీసుకుపోయి వచ్చింది. కొరియర్ వాళ్లు పైసా ఇవ్వలేదు. అప్పటినుంచి అమ్మేవాళ్లను రెండో పెట్టెలో పెట్టి పంపమని అడుగుతున్నాను, అదనంగా తీసుకున్నా సరే. జపాన్ నుంచి వచ్చే చుట్టాలుంటే అంతకంటే మేలు లేదు. తోక ఊడదీస్తే 30 సెంటీమీటర్లది సూట్‌కేసులో బట్టల మధ్య హాయిగా పడుతుంది. 50ది పట్టదు.

చవగ్గా దొరుకుతున్నాయని నకిలీల జోలికి వెళ్లొద్దు. అసలు బొమ్మకు సాధారణంగా పాదం కింద గాడ్జిల్లా సినిమాలు తీసే టోహో కంపెనీ కాపీరైట్ గుర్తు అచ్చులోనే పోసి ఉంటుంది. నకిలీదాన్ని ఒక మిత్రుడి ఇంట్లో పక్కపక్కన పెట్టి చూశాం. అసలుదాన్ని మళ్లీ అచ్చు తీసి పోసింది కాబట్టి కాస్త చిన్నగా ఉంది, గడ్డల అంచులు అరిగిపోయినట్టున్నాయి. పెట్టె విప్పగానే ముక్కుపుటాలు అదిరే వాసన.

మొదటి బొమ్మగా ఏది కొనాలని అడిగితే నేను 1954నే చెబుతాను. అది దొరక్కపోతే 1964లో రాక్షస చిమ్మెట మోథ్రాతో తలపడిన సూట్ తీసుకోండి. కనుబొమ్మల కింద ఆ కోపం ఇంకే సూట్‌కూ లేదు. మూడు తలల కింగ్ ఘిడోరా మీద నాకూ ఎప్పటినుంచో కన్నుంది. మూడు మెడలూ పొడవు, రెక్కలు వెడల్పు. మన వేసవిలో ఒక్కో మెడకూ ఊత కావాలి, ఒక అర మొత్తం దానికే పోతుంది. షోకేసు పై అర కొలిచి పెట్టుకున్నాను. ఈ ఎండలు తగ్గాక ఆర్డర్ పెడతాను.