స్కాట్లాండ్ భూస్వాముల వంశవృక్షానికి ఏది మేలు: భూమి రికార్డా, చర్చి రిజిస్టరా, కంపెనీ కాగితాలా?

పెద్దకొడుక్కి ఎస్టేటు, తమ్ముళ్లకు వైద్యమో సైన్యమో. 18వ శతాబ్దపు స్కాట్లాండ్‌లో లెయిర్డుల (అక్కడి భూస్వాముల) ఇళ్లలో తరచూ జరిగింది ఇదే. కాబట్టి అన్న కోసం వెతికే చోట తమ్ముడు దొరకడు.

భూమి దక్కిన శాఖకైతే రిటూర్లను మించినవి లేవు. 1868 దాకా అక్కడ భూమిని వీలునామాలో రాసివ్వడానికి వీల్లేదు. వారసుడు తన చుట్టరికాన్ని రుజువు చేసుకోవలసి వచ్చేది. దానిమీద వచ్చిన తీర్పే రిటూర్. 1847కు ముందువి దాదాపు అన్నీ లాటిన్‌లో ఉంటాయి. తండ్రి పోయిన చాలా ఏళ్లకు వేయించుకున్నవీ ఉన్నాయి గనుక రిటూర్ తేదీని బట్టి మరణ సంవత్సరం లెక్కగట్టొద్దు. భార్యల పుట్టింటి వివరాలకు 1617లో మొదలైన సేజిన్ రిజిస్టరు, అంటే భూమి హక్కుల నమోదు పుస్తకం, చూడండి. పెళ్లప్పుడు భార్యకు భూమి మీద రాసిచ్చిన హక్కులు అందులోకి ఎక్కేవి.

1855కు ముందు పుట్టుకలకు చర్చి రిజిస్టరే దిక్కు, కానీ ఈ కుటుంబాలకు అది బలహీనమైన ఆధారం. చాలామంది లెయిర్డులు ప్రభుత్వ చర్చికి వేరైన ఎపిస్కోపల్ (బిషప్పులుండే) క్రైస్తవ శాఖవారు, వాళ్ల పిల్లల పేర్లు ప్రభుత్వ చర్చి పుస్తకాల్లో ఉండకపోవచ్చు. 1783–94 మధ్య ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను వేయడంతో నమోదు చేయించనివాళ్లూ ఉన్నారు.

తమ్ముళ్ల విషయంలో నా ఓటు ఈస్టిండియా కంపెనీ కాగితాలకే. సైన్యంలో చేరే కేడెట్ వయసు రుజువుకు బాప్తిస్మం నకలు జతచేసేవాడు. ఊళ్లో అసలు రిజిస్టరు పోయినా ఆ నకలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో దొరకవచ్చు. అసిస్టెంట్ సర్జన్ల దరఖాస్తులూ అక్కడే ఉన్నాయి.

ప్యాట్రిక్ రసెల్‌నే తీసుకోండి. మన రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే. బ్రెయిడ్‌షాకు చెందిన జాన్ రసెల్ కొడుకు, వైద్యుడు. తమ్ముడు క్లాడ్ వెంట 1781లో విశాఖపట్నం వచ్చాడు. సిరియాలోని అలెప్పోలో వైద్యం చేసిన అలెగ్జాండర్ ఈయనకు సవతి అన్న. పుట్టింది ఫిబ్రవరి 6న. సంవత్సరం మాత్రం ఒకచోట 1726, మరోచోట 1727. స్కాట్లాండ్‌లో 1600 నుంచే జనవరి 1 ఉగాది, ఇంగ్లండ్‌లో 1752 దాకా మార్చి 25. రెండు లెక్కలూ ఒకే రోజువి కావచ్చు, ఇద్దరు మనుషులని పొరబడొద్దు.

అచ్చయిన వంశావళులను ఆఖర్న, దారి చూసుకోవడానికే వాడండి. వివరాలు కుటుంబాలు ఇచ్చినవే కాబట్టి భారతీయ స్త్రీలకు పుట్టిన పిల్లలు వాటిలో సాధారణంగా కనిపించరు. ఆ పిల్లల కోసం మద్రాసు బాప్తిస్మం రికార్డులు, అక్కడే రాసిన వీలునామాలు తిరగేయాలి.