తన్నుల కోసం కాదు, కుట్ర కోసం చూడాల్సిన చక్ నోరిస్ సినిమా

"చక్ నోరిస్ సినిమా కదా అని కూర్చుంటే వీళ్లేంటి, మాట్లాడుకుంటూనే ఉన్నారు" అని గుడ్ గైస్ వేర్ బ్లాక్ మొదటిసారి చూసినప్పుడు మా అన్నయ్య విసుక్కున్నాడు. గంట కాకముందే లేచి వెళ్లిపోయాడు, ఆ తర్వాత నేనూ ఆపేశాను. మనలో చాలామందికి నోరిస్ బ్రూస్ లీతో రోమ్ కొలోసియంలో కొట్టుకున్న మనిషిగానే తెలుసు. 1972 నాటి ఆ ఫైటును మనసులో పెట్టుకుని చూస్తే 1978లో వచ్చిన ఈ సినిమా కచ్చితంగా నిరాశపరుస్తుంది. చూసినవాళ్లు తిట్టేది కూడా ఎక్కువగా ఇందుకే. కిందటి నెల ఒక్కణ్నే కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూశాను, ఈసారి చాలా నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పాలంటే కథ చెప్పక తప్పదు, ముగింపుతో సహా. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

కథ 1973లో మొదలవుతుంది. పారిస్‌లో వియత్నాం శాంతి చర్చలు. అమెరికా తరఫున సెనేటర్ కాన్రాడ్ మోర్గన్, అవతల ఉత్తర వియత్నాం తరఫున కువాంగ్ యిన్. సంతకం పడాలన్నా, ఖైదీలు తిరిగి రావాలన్నా మోర్గన్ ఒకటి ఇచ్చుకోవాలి: సీఐఏ కోసం రహస్యంగా పనిచేసే బ్లాక్ టైగర్స్ అనే కమాండో దళాన్ని. ఇచ్చేస్తాడు. బందీలను విడిపించుకు రండి అని ఆ దళాన్ని అడవిలోకి పంపిస్తారు, అక్కడ వాళ్ల కోసం శత్రువులు కాచుకుని ఉంటారు, వెనక్కి తీసుకెళ్లాల్సిన హెలికాప్టర్ రాదు. నాయకుడు జాన్ టి. బుకర్ (నోరిస్ చేసిన పాత్ర), అతనితో ఇంకో నలుగురు ఎలాగో నడుచుకుంటూ బయటపడతారు. అయిదేళ్ల తర్వాత బుకర్ లాస్ ఏంజిలెస్‌లో, యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ, తీరిక దొరికితే రేసు కార్లు నడుపుకుంటూ ఉంటాడు. మార్గరెట్ అనే ఆమె రిపోర్టర్నంటూ వచ్చి, ఎవరికీ తెలియకూడని ఆ రాత్రి గురించి ప్రశ్నలు అడుగుతుంది. అదే సమయంలో, బతికి బయటపడ్డవాళ్లు ఒక్కొక్కరే హత్యకు గురవుతుంటారు. అటు మోర్గన్‌కు విదేశాంగ మంత్రి పదవి రాబోతోంది.

నన్ను పట్టుకున్నది ఇక్కడే. పారిస్ ఒప్పందం మీద నిజంగా సంతకాలు జరిగింది 1973 జనవరి 27న. ఆ తర్వాత రెండు మూడు నెలల్లో 591 మంది అమెరికా ఖైదీలు ఇళ్లకు చేరారు. రెండు వేలకు పైగా సైనికుల జాడ మాత్రం అప్పటికి తెలియలేదు. 1975 ఏప్రిల్‌లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయింది, అంతకు ముందే వాటర్‌గేట్ కుంభకోణం బయటపడి అధ్యక్షుడు నిక్సన్ దిగిపోయాడు. మా ప్రభుత్వం మాకు నిజం చెప్పదు అని అక్కడి మామూలు మనిషి గట్టిగా నమ్ముతున్న రోజులవి. బ్లాక్ టైగర్స్, మోర్గన్ అంతా కల్పితమే, కానీ కొడుకు ఏమయ్యాడో తెలియక ఎదురుచూస్తున్న తల్లి థియేటర్లో కూర్చుని ఇది చూస్తే ఏమనుకుని ఉంటుంది? అలా ఆలోచిస్తూ చూస్తే "స్లో" అని జనం అంటున్న సీన్లు నాకు స్లో అనిపించలేదు. ఒక్కో పేరు కొట్టేసినట్టు ఒక్కో మనిషి పోతుంటే టెన్షన్ పెరుగుతూనే వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఉంది. నోరిస్ తమ్ముడు వీలండ్ 1970లో వియత్నాం యుద్ధంలోనే చనిపోయాడు. నోరిస్ కూడా ఎయిర్‌ఫోర్స్‌లో చేరి, కొరియాలో ఉన్నప్పుడే టాంగ్ సూ డో అనే అక్కడి యుద్ధకళ నేర్చుకున్నాడు. ఈ సినిమా కోసం ఆయన చాలా తిరిగాడు, డబ్బు పెట్టేవాళ్లు దొరక్క స్క్రిప్టు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, నీ సినిమా ఎవరు చూస్తారయ్యా అని ఒకాయన అడిగాడట. అమెరికాలో కరాటే చేసేవాళ్లు 40 లక్షల మంది ఉన్నారు, వాళ్లందరికీ నేను తెలుసు, సగం మంది వచ్చినా మీ 10 లక్షల డాలర్ల బడ్జెట్‌కు 60 లక్షలు వస్తాయి అని లెక్క చెప్పి ఒప్పించానని ఆయనే చెప్పుకున్నాడు. సినిమా బాగా ఆడింది, ఆయన హీరోగా నిలబడ్డాడు. కరాటేవాళ్ల కోసమని డబ్బు తెచ్చి, కరాటే ఇంత తక్కువగా ఉన్న కథ చేయడానికి ధైర్యం కావాలి.

నటన దగ్గరికి వస్తే తిట్టేవాళ్లతో నేనూ ఏకీభవిస్తాను. నోరిస్ కదులుతుంటే చూడబుద్ధవుతుంది, నోరు విప్పితే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది, ముఖ్యంగా రాజకీయాలు మాట్లాడేటప్పుడు. ఆయన దగ్గర కరాటే నేర్చుకున్న హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్‌క్వీన్ ఈ సినిమా చూసి, నువ్వు తెరమీద మాటలు తగ్గించు, వివరించాల్సినవి పక్క పాత్రలకు వదిలెయ్, చెప్పాల్సింది ఉన్నప్పుడే చెప్పు అని సలహా ఇచ్చాడట. తర్వాతి సినిమాల్లో ఆ తేడా తెలుస్తుంది. ఇక్కడ మాత్రం మోర్గన్‌గా చేసిన జేమ్స్ ఫ్రాన్సిస్కస్ ముందు నిలబడితే నోరిస్ తేలిపోతాడు. ఫ్రాన్సిస్కస్ విలన్‌లా అరవడు, చేతులు నలపడు, దేశం కోసం కొన్ని తప్పవు అన్న ధోరణిలో ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. నాకు వొళ్లు మండింది ఆ మర్యాదకే.

డానా ఆండ్రూస్ గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు, అది అన్యాయం. అన్నీ తెలిసి నోరు మూసుకున్న ఒక పాత ప్రభుత్వాధికారి పాత్ర, ఉండేది కాసేపే. 1946లో ఇదే నటుడు రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇంటికొచ్చి, ఉద్యోగం లేక తిరిగే ఎయిర్‌ఫోర్స్ అధికారిగా ఒక గొప్ప సినిమాలో చేశాడు. ఆ ముఖమే ముప్పై ఏళ్లు దాటాక, ముడతలు పడి, సైనికులను ఇంటికి రానివ్వకుండా చేసిన రహస్యం కడుపులో పెట్టుకుని కనిపిస్తుంటే నాకు గొంతు పట్టేసింది. ఆయన్ని కావాలనే తీసుకున్నారో కాకతాళీయమో గానీ, నా వరకు సినిమాలో బరువైన సీన్ అదే.

ఫైట్లు తక్కువే. మొదట్లో అడవి యుద్ధం చీకట్లో జరుగుతుంది, ఎవరు ఎవర్ని కాలుస్తున్నారో తెలియదు, నేను చూసిన ప్రింటు మసకగా ఉండటంతో మరీ కష్టమైంది. లైట్లన్నీ ఆర్పి చూడండి, కొంత నయం. కరాటే కోసం సినిమా సగం దాటేదాకా ఓపిక పట్టాలి. కానీ కారు సీన్ ఉంది చూశారూ! మీదికి దూసుకొస్తున్న కారుకు ఎదురుగా నిలబడి, పక్కకు తప్పుకోకుండా గాల్లోకి ఎగిరి, రెండు కాళ్లతో ముందు అద్దాన్ని పగలగొట్టుకుంటూ లోపలున్నవాణ్ని తన్నడం. అది చేసింది నోరిస్ మరో తమ్ముడు ఆరన్. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు, ఒక మనిషి నిజంగా ఎగిరాడు. ఆ ముక్క నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

పాటా సంగీతం గురించి చెప్పడానికేమీ లేదు, అప్పటి టీవీ సీరియల్‌లా ఉంది. మంచుకొండల దగ్గర తీసిన భాగం బాగుంది, అంత తెల్లటి వెలుతురులో చావు రావడం భయపెట్టింది.

మార్గరెట్ పాత్రను వాడుకున్న తీరు మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. ఆన్ ఆర్చర్ చేసింది. రావడం ఎంత బాగా వస్తుంది! బుకర్ కంటే ఆమెకే ఎక్కువ తెలుసు, అతన్ని నిలదీస్తుంది, కథను కదిలించేదే ఆమె. రెండు సీన్లు తిరిగేసరికి ప్రేయసిని చేసేశారు, ఆ తర్వాత హీరోకు కోపం రావాలి కాబట్టి చంపేశారు. ఆమె చేతికి ఫైళ్లిచ్చి, నిజం బయటపెట్టే పని అప్పగించి ఉంటే ఇది ఇంకో స్థాయి సినిమా అయ్యేది. దర్శకుడు టెడ్ పోస్ట్‌కు ఇలాంటి కథ కొత్తేం కాదు, 1973లో క్లింట్ ఈస్ట్‌వుడ్‌తో, పోలీసు శాఖ లోపలే దాక్కున్న హంతకుల గురించి సినిమా తీసింది ఈయనే. అందుకే ఆయన దగ్గర ఇంకొంచెం ఆశించాను.

ఇక ముగింపు. బుకర్ మోర్గన్ కారుకు డ్రైవర్‌గా వచ్చి కూర్చుంటాడు, కారును తీసుకెళ్లి నీళ్లలో ముంచేస్తాడు, తను ఈదుకుంటూ బయటికొస్తాడు. ఆఖర్లో ఫైటు లేదేంటని చాలామందికి కోపం. నాకైతే ఇదే సరైనదనిపించింది. మోర్గన్‌తో కరాటే చేయిస్తే ఎబ్బెట్టుగా ఉండేది, ఆ పెద్దమనిషి ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు, బల్ల దగ్గర కూర్చునే అంతమందినీ చంపాడు. నా బాధ వేరే. మోర్గన్ పోయాడు సరే, అడవిలో పోయిన ఆ కుర్రాళ్ల ఇళ్లకు ఎవరైనా వెళ్లి, మీవాణ్ని శత్రువు చంపలేదమ్మా, మనవాళ్లే అమ్మేశారు అని చెప్పారా? ఆ ఒక్క సీన్ లేకపోయినందుకే అయిదుకు మూడున్నర దగ్గర ఆగుతున్నాను. అన్నయ్యకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, ఆదివారం వస్తానన్నాడు, ఈసారి మధ్యలో లేవనివ్వను.