బైబిలు పాఠాల కోర్సు: ప్రశ్నలు బాగున్నాయి, దిద్దడమే బాగోలేదు

క్రైస్తవ గుణశీలంలో ఎదగడం గురించి పోస్టులో వచ్చే బైబిలు పాఠాల కోర్సు ఒకటి ఈమధ్యే పూర్తి చేశాను. మొత్తం 12 పాఠాలు. ప్రతి పాఠం చివరా ప్రశ్నలుంటాయి, జవాబులు రాసి పంపితే దిద్ది వెనక్కి పంపుతారు. నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు ప్రశ్నల పేజీ తిప్పి చూడడం అలవాటు. పాఠం చెప్పడానికి చాలామంది ఉంటారు, కూర్చోబెట్టి ఆలోచింపజేసే ప్రశ్న వేసేవాళ్లే తక్కువ. అందుకే ఈ కోర్సుకి కూడా మార్కులు ప్రశ్నలను బట్టే వేస్తున్నాను.

మొదటి పాఠం 2 పేతురు 1:5-7 మీద. విశ్వాసం, సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం, సహనం, భక్తి, సహోదరప్రేమ, దయ. వీటిని ఒకదాని తర్వాత ఒకటి ఎక్కిపోవడమే, ఇక దిగడమన్నది ఉండదన్నట్టు రాశారు. ప్రశ్నలన్నీ ఖాళీలు పూరించేవే. పుస్తకంలోని వాక్యాన్ని చూసి పుస్తకంలోనే రాయడం! పైగా వచనాలన్నీ పూర్తిగా అచ్చువేసి ఇచ్చారు కాబట్టి బైబిలు తెరిచే పని కూడా లేదు. ఇదేదో సండే స్కూల్ పిల్లల సరుకు అనుకుని పక్కన పెట్టేయబోయాను.

నాలుగో పాఠం దగ్గర నా అభిప్రాయం మారింది. అది దావీదు, అతన్ని అవమానించిన నాబాలు అనే ధనికుడి సంగతి. దావీదుని ఆపిన నాబాలు భార్య అబీగయీలు తెలివి గురించి ప్రసంగాల్లో చాలాసార్లు విన్నదే. ఈ పాఠం మాత్రం 1 సమూయేలు 24, 25, 26 అధ్యాయాలను ఒకే ఊపులో చదవమంటుంది. 24లో తనను చంపాలని తరుముతున్న రాజు సౌలు గుహలో ఒంటరిగా చిక్కినా దావీదు చంపడు. చెంగు కోసినందుకే మనసు నొచ్చుకుంటాడు. 25లో అదే దావీదు, నాబాలు "దావీదు ఎవడు?" అన్నాడని, తన మనుషులకు తిండి పెట్టకుండా వెళ్లగొట్టాడని 400 మందిని కత్తులు కట్టుకోమని బయల్దేరతాడు. తెల్లవారేసరికి ఆ ఇంట్లో ఒక్క మగవాణ్ణి కూడా మిగల్చనంటాడు. మళ్లీ 26లో సౌలు తలదగ్గరున్న ఈటె, నీళ్లబుడ్డి మాత్రమే తీసుకుని వచ్చేస్తాడు. ప్రశ్న ఏమిటంటే: "రాజు ప్రాణం తీయడానికే వస్తే ఓర్చుకున్నవాడు, ఒక మోటుమనిషి మాటకి ఎందుకు ఓర్చుకోలేకపోయాడు?"

ఇదీ ప్రశ్న అంటే. మా ప్రార్థన కూడికలో ఈ ఒక్కదాని మీదే సాయంత్రమంతా గడిచింది. సౌలు దేవుడు అభిషేకించిన రాజు కాబట్టి దావీదుకి భయం ఉండేదని ఒకరన్నారు. పెద్ద శోధన వస్తుందని ముందే తెలిస్తే సిద్ధపడతాం, చిన్న అవమానం మాత్రం పనిలో ఉండగా వచ్చి పడుతుందని ఇంకొకామె అంది. నాకైతే రెండో మాటే సరిగ్గా అనిపించింది. సంఘంలో పెద్ద పెద్ద కష్టాలను ఓపిగ్గా దాటిన మనుషులు స్టేజీ మీద తమ పేరు పిలవలేదని అలగడం నేను చూస్తూనే ఉన్నాను. మొదటి పాఠంలో చెప్పిన ఎక్కుడు లెక్కని నాలుగో పాఠం కొట్టేసిందన్న సంగతి రాసినవాళ్లు గమనించినట్టు లేదు. అయినా నాలుగోదే నిజం.

యోసేపు పాఠం నిరాశపరిచింది. అన్నల చేత 17 ఏళ్ల కుర్రవాణ్ణి గుంటలో పడేయించి, పేజీ తిప్పేసరికి సింహాసనం పక్కన నిలబెట్టి అన్నలను క్షమింపజేశారు. ఐగుప్తు రాజు ఫరో ముందు నిలిచేనాటికి అతనికి 30 ఏళ్లు. మధ్యలోని ఆ 13 ఏళ్లలోనే కదా మనిషి తయారైంది! చెరసాలలో తనతో ఉన్న పానదాయకుల అధిపతిని (రాజుకి పానీయం అందించేవాణ్ణి) "నన్ను జ్ఞాపకం చేసుకో" అని అడగడం, అతను మరిచిపోవడం, ఏ కబురూ లేకుండా రెండేళ్లు పోవడం, వీటికి ఒక్క వాక్యం లేదు. తర్వాత ధాన్యం కోసం వచ్చిన అన్నలను మూడు రోజులు కావలిలో ఉంచడం, వాళ్లలో షిమ్యోనును బంధించడం కూడా వదిలేశారు. అది క్షమాపణకు ముందు పరీక్షా, తీరని కోపమా? ఈ ప్రశ్న నేనే రాసి మావాళ్లకిచ్చాను.

గలతీ 5:22-23 పాఠంలో ఒక చార్టు ఉంది. అందులో చెప్పిన తొమ్మిది ఆత్మఫలాలకు తొమ్మిది గడులు, ప్రతి రాత్రీ మనకి మనమే టిక్కు పెట్టుకోవాలి. దీర్ఘశాంతం (ఓర్పు) దగ్గర నేను పెన్ను పెట్టబోతుంటే మా కోడలు "అత్తయ్యా, ఆ గడి నేను నింపనా?" అంది. చార్టు మొత్తం తన చేతికిచ్చేశాను. నిజానికి కోర్సులో కూడా అలాగే రాయాల్సింది: ఈ టిక్కులు ఇంట్లోవాళ్లు పెట్టాలి.

మార్కు పాఠం చిన్నదే కానీ పర్వాలేదు. అపొస్తలుల కార్యములు 13లో సువార్త ప్రయాణం మధ్యలో వదిలి వెళ్లిపోయినవాణ్ణి, 15లో బర్నబా మళ్లీ తీసుకెళ్దామంటే పౌలు వద్దంటాడు. చివరికి 2 తిమోతి 4:11లో అదే పౌలు అతను ప్రయోజనకరమైనవాడు, వెంటబెట్టుకుని రమ్మంటాడు. పౌలు, బర్నబాల్లో ఎవరిది సరి అని అడిగి, వెనక జవాబుల్లో "బర్నబా" అని అచ్చేశారు. బైబిలే తీర్పు చెప్పని చోట వీళ్లకెందుకంత తొందర?

ఇక దిద్దడం సంగతి. జవాబు పత్రాలు ఆలస్యంగా వస్తాయి. వస్తే అన్నిటి మీదా "చాలా బాగుంది, ప్రభువు దీవించును గాక" అనే ఉంటుంది. కావాలని ఒక ప్రశ్న ఖాళీగా వదిలి పంపాను. దానికీ అదే రాశారు. మర్యాదగానే అడిగితే, వచ్చేవి ఎక్కువ, దిద్దేవాళ్లు తక్కువ అన్నారు. ఇబ్బంది అర్థమైంది కానీ, మనిషి తన కోపం గురించి దాచుకోకుండా రాసి పంపినప్పుడు చదవకుండా సంతకం పెట్టడం బాగోదు. అంతకన్నా దిద్దలేమని చెప్పేస్తే మేలు.

అక్షరాలు పెద్దవి, కళ్లజోడు లేకపోయినా చదవొచ్చు. జవాబుకి వదిలిన చోటు మాత్రం రెండు గీతలే, విడిగా నోటుబుక్కు పెట్టుకోవాలి. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లు మొదటినుంచీ చేయొచ్చు. ఎన్నో ఏళ్లుగా సంఘంలో ఉన్నవాళ్లయితే నాలుగో పాఠంతో మొదలుపెట్టండి, నలుగురు కలిసి చేయండి. రెండో భాగం పౌలు పత్రికల మీద ఉందట. అది తెప్పించుకుంటాను. జవాబులు మాత్రం పంపను.