మార్క్‌డౌన్, ఆస్కీడాక్: రొయ్యల గుంటల లెక్కకు ఏది అనువు?

కావలి దగ్గర మా బావ రొయ్యల గుంటల వివరాలను మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాసుకుంటాడు; వాటిని వెబ్ పేజీలుగానూ, జేసన్ (ప్రోగ్రాములు సులువుగా చదివే రూపం) డేటాగానూ మార్చవలసి వచ్చినప్పుడు మార్క్‌డౌన్, ఆస్కీడాక్ అనే రెండు రాత పద్ధతులను పోల్చి చూశాను.

2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్ నేర్చుకోవడానికి ఒక పూట చాలు: వరుస మొదట # పెడితే శీర్షిక అవుతుంది, - పెడితే జాబితా అవుతుంది. ఆ ఫైలును, ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే పాండాక్ అనే ప్రోగ్రాముకు ఇస్తే వెబ్ పేజీకి కావలసిన హెచ్‌టీఎంఎల్ గానీ, పత్రం నిర్మాణమంతటినీ చూపే జేసన్ గానీ చేతికి వస్తుంది.

చిక్కంతా పట్టికల దగ్గరే. ఒక గుంటకు మూడు వారాల మేత లెక్క ఉంటే, గుంట పేరు మూడు వరుసలకూ కలిపి ఒకే గడిలో ఉండాలి. మూల మార్క్‌డౌన్‌లో పట్టికలకు గుర్తులే లేవు. తరువాత వచ్చిన, పాండాక్ చదివే నిలువు గీతల పట్టికల్లో గడులను కలిపే వీలు లేదు. పాండాక్ గ్రిడ్ పట్టికను +, -, | గుర్తులతో బొమ్మలాగా గీయవచ్చు గానీ, తెలుగు అక్షరాల వెడల్పులు ఒకేలా ఉండవు కనుక గీతలు వంకర పోతాయి. 2002లో స్టువర్ట్ రాక్‌హామ్ రూపొందించిన ఆస్కీడాక్‌లో .3+| (మూడు వరుసలకు ఒకే గడి) అని రాస్తే ఆ పని తీరిపోతుంది. జేసన్ కావాలంటే మాత్రం ఆస్కీడాక్ ఫైళ్లను మార్చే ఆస్కీడాక్టర్ అనే ప్రోగ్రాముతో డాక్‌బుక్ ఎక్స్ఎంఎల్ అనే మధ్య రూపంలోకి మార్చి, దానిని పాండాక్‌కు అందించాను. ఈ చుట్టుదారి నాకు బరువనిపించలేదు. బావకు మాత్రం ఆ చుక్కా, ప్లస్సూ మింగుడు పడలేదు. అందుకే రోజువారీ నోట్సును మార్క్‌డౌన్‌లోనూ, మేత పట్టికలను ఆస్కీడాక్‌లోనూ ఉంచాము.