ఆర్‌లో ఓపెన్‌బ్లాస్: కోడ్ ముట్టుకోకుండానే స్పీడ్

ఆర్ (స్టాటిస్టిక్స్ లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాష)తో పాటు వచ్చే రిఫరెన్స్ బ్లాస్ (మ్యాట్రిక్స్ లెక్కలు చేసే లైబ్రరీ) లెక్కలు కరెక్ట్‌గానే చేస్తుంది, కానీ ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నా ఒక్కదాని మీదే నత్తనడక. దాన్ని తీసేసి అదే పని కోర్లన్నిటి మీదా వేగంగా చేసే ఓపెన్‌బ్లాస్ పెట్టా, సూపర్ అసలు! ఉబుంటులో అయితే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి ఆర్ మళ్ళీ ఓపెన్ చేస్తే మామూలుగా అదే తీసుకుంటుంది, సెషన్‌ఇన్ఫో కొడితే ఏ బ్లాస్ వాడుతోందో పాత్‌తో సహా కనిపిస్తుంది, ముందు అది చూస్కోండి.

5000 బై 5000 మ్యాట్రిక్స్ రెండు గుణించి చూడండి, తేడా కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. క్రాస్‌ప్రాడ్, సాల్వ్, ఎస్‌వీడీ లాంటి మ్యాట్రిక్స్ ఫంక్షన్లన్నీ పరిగెడతాయి. లీనియర్ రిగ్రెషన్ చేసే ఎల్ఎమ్ మాత్రం పెద్దగా మారదు, ఎందుకంటే అది ఇప్పటికీ లిన్‌ప్యాక్ అనే పాత లైబ్రరీలోని క్యూఆర్ (మ్యాట్రిక్స్‌ని విడగొట్టే పద్ధతి) కోడే వాడుతుంది. ఫర్ లూపులు, టెక్స్ట్ క్లీనింగ్ లాంటి వాటికి దీంతో సంబంధమే లేదు.

ఒక్క విషయం దగ్గర మాత్రం జాగ్రత్త అండీ, పనిని చాలా ప్రాసెస్‌లకి పంచే ఎమ్‌సీల్యాప్లై లాంటివి వాడుతుంటే ఒక్కో ప్రాసెస్ మళ్ళీ కోర్లన్నిటికీ థ్రెడ్లు తెరిచేసి ఒకదాన్నొకటి తొక్కుకుని ఉన్న స్పీడ్ కూడా పోతుంది, అప్పుడు బ్లాస్ థ్రెడ్లు 1 కి సెట్ చేసేయండి. బ్లాస్ మార్చాక జవాబుల ఆఖరి దశాంశాల్లో చిన్న తేడాలొస్తాయి, కంగారు పడక్కర్లేదు. ఇలాంటిదే ఇంటెల్ వాళ్ళ ఎమ్‌కేఎల్ లైబ్రరీ కూడా బావుంటుంది గానీ, ఓపెన్ సోర్స్ కాబట్టి నా ఓటు ఓపెన్‌బ్లాస్‌కే. 5 కి 4.5.