పర్లాకిమిడి ల్యాబ్‌లో కలప ఈస్ట్

చండీగఢ్‌లో సూక్ష్మజీవుల్ని భద్రపరిచి ల్యాబులకి ఇచ్చే ఎంటీసీసీ నుంచి షెఫర్సోమైసిస్ స్టిపిటిస్ అనే ఈస్ట్ కల్చర్ తెప్పించి రెండు నెలలైంది. పాత పుస్తకాల్లో దీని పేరు పికియా స్టిపిటిస్, 2010లో మార్చారు. కలప తినే పురుగుల కడుపులో కనిపించే ఈస్ట్ ఇది. మా బీఎస్సీ పిల్లల ప్రాజెక్టు కోసం కొన్నాం. గుణుపురం, బరంపురం వైపు చిన్న ల్యాబులు నడిపేవాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు పార్సిల్ సంగతి. కొరియర్ వాళ్లు శ్రీకాకుళంలోనే ఐదు రోజులు ఉంచేశారు, అదీ ఏప్రిల్ ఎండలో. అడిగితే "ఒరిస్సా అడ్రస్ కదండీ" అన్నారు. చివరికి మా అటెండర్ పాతపట్నం వెళ్లి తెచ్చాడు. చచ్చిపోయి ఉంటుందని ఒకటే టెన్షన్ పడ్డాను. అది ఫ్రీజ్ డ్రై చేసి (గడ్డకట్టించి తడి లాగేసి) ఆంప్యూల్ అనే చిన్న గాజు గొట్టంలో సీలు వేసిన పొడి కాబట్టి బతికింది. మూడో రోజుకి ప్లేటు మీద తెల్లటి కాలనీలు లేచాయి. మీరూ పొడి రూపంలోనే అడగండి.

దీన్ని వేస్తే చెక్క దానంతటదే కరిగిపోతుందనుకోకండి. చెక్కలో సెల్యులోజ్ అనే పీచు పదార్థంతో పాటు హెమిసెల్యులోజ్ అనే ఇంకో పదార్థం ఉంటుంది. పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉడికిస్తే దాని నుంచి జైలోజ్ అనే ఐదు కార్బన్ల చక్కెర ఊడి వస్తుంది. బేకరీ ఈస్ట్ దాని జోలికే పోదు. స్టిపిటిస్ దాన్ని ముందు జైలిటాల్‌గా, తర్వాత జైలులోజ్‌గా మార్చుకుని, అక్కణ్నుంచి ఆల్కహాల్ చేస్తుంది. దీని జీనోమ్ (మొత్తం జన్యు పటం) 2007లోనే వెలువడింది. ఇన్నేళ్లుగా దీని మీద అంత శ్రద్ధ పెట్టింది ముఖ్యంగా ఈ గుణం కోసమే.

మహేంద్రతనయ ఒడ్డు దారిలోని మిల్లు నుంచి సరుగుడు రంపపు పొట్టు తెచ్చి ఉడికించాం. ఆ ద్రవంలో ఈస్ట్ వేస్తే మొదటి ఫ్లాస్కులో కదలికే లేదు. "ఏటి మేడమ్, ఇది కూడా పోయినట్టేనా?" అని ఒకమ్మాయి దిగులుపడింది. చెక్క ఉడికినప్పుడు పుట్టే ఫర్‌ఫ్యూరల్ అనే రసాయనం, అసిటిక్ ఆమ్లం ఈస్ట్‌ని అణిచేస్తాయి. సున్నం వేసి పీహెచ్ 10 దాకా పెంచి, వడకట్టి, మళ్లీ 5.5కి దించాక పొంగు మొదలైంది.

గాలి విషయంలో మాత్రం ఇది చాలా పేచీకోరు. రబ్బరు బిరడా బిగించిన ఫ్లాస్కులో ఎదగలేదు. బాగా కుదిపినదాంట్లో కణాలు విపరీతంగా పెరిగాయి కానీ ఆల్కహాల్ అంతంతే. దూది బిరడా పెట్టి, అప్పుడప్పుడు మెల్లగా తిప్పితే కుదిరింది. దీనికి 30 డిగ్రీలు హాయి. మా గదిలో 38 దాటుతుంటే ఫ్లాస్కుని నీళ్ల బేసిన్‌లో పెట్టి తడి గోనె చుట్టాం.

మా దగ్గర ఖరీదైన యంత్రాలు లేవు. డిస్టిల్ చేసి, ఆల్కహాల్ ఉందో లేదో రంగు మార్పుతో చెప్పే డైక్రోమేట్ పరీక్ష చేశాం. నారింజ రంగు ఆకుపచ్చకి తిరిగేసరికి ఆ అమ్మాయి ట్యూబు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. వాళ్ల నాన్న ఆ మిల్లులోనే పని చేస్తాడు. వచ్చే చలికాలంలో ఇంకో ఆంప్యూల్ తెప్పిస్తున్నాం.