చిత్తూరులో కొన్న పెద్దక్షరాల తెలుగు బైబిల్ ఎలా ఉందంటే

నాయనకు చూపు తగ్గింది, పాత బైబిల్లో అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయని గొణుగుతుంటే చిత్తూరు బజారులో పెద్దక్షరాలది కొన్నాను. ముందు వస్తువు సంగతి. అక్షరాలు నిజంగానే పెద్దవి, నలుపు బాగా పట్టింది, యేసు మాటలు ఎర్ర సిరాలో ఉన్నాయి. కాగితం మాత్రం మరీ పల్చన. స్కెచ్ పెన్నుతో గీస్తే అవతలి పేజీకి దిగిపోతుంది, పెన్సిలే వాడండి. అట్టకున్న జిప్ కొన్నాళ్లకే ఊడింది, షాపాయన్ను అడిగితే "జిప్‌కు గ్యారంటీ లేదు సార్" అని నవ్వేశాడు. బరువు కూడా ఎక్కువే, పడుకుని చదవడం కుదరదు, ఒళ్లో దిండు పెట్టుకోవాలి.

కొన్నది నాయనకైనా ఎక్కువ చదివింది నేనే. నాయనకు కడుపు ఆపరేషన్ అంటే రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రికి పోయాం (పెద్ద జబ్బంటే మన చిత్తూరోళ్లు ఎక్కేది ఆ బస్సే కదా). లాడ్జి రూములో నిద్ర పట్టక, టెన్షన్‌లో ఇది తిరగేశాను. నేను క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు మాత్రం చర్చిలో కనిపించే రకం. గుడ్ ఫ్రైడే రోజు పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఒకరి తర్వాత ఒకరు ప్రసంగిస్తుంటే గడియారం చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ ఏడూ ఒకేచోట లేవని, యేసు జీవితం రాసిన నాలుగు సువార్తల్లో లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి, మార్కు ఇద్దరూ రాసింది ఒకే ఒక్కటని ఇప్పుడే తెలిసింది. ఆ ఒక్కటీ ఏదంటే, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు అనేది. ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాడికి దేవుణ్ణి అలా నిలదీయొచ్చా అని భయం ఉంటుంది. సిలువ మీద ఆయనే అడిగేశాడు, ఇక నాకేం భయం?

పునరుత్థానం, అంటే యేసు చనిపోయి మళ్లీ లేచిన సంగతి దగ్గర ఇంకా ఆగిపోయాను. ఎవరైనా కల్పించి రాస్తే శిష్యుల్ని ఇంత తీసికట్టుగా చూపిస్తారా? పేతురు కోడి కూయకముందే మూడుసార్లు యేసును ఎరగనన్నాడు, సమాధి దగ్గరికి తెల్లారే పోయింది ఆడవాళ్లు, వాళ్లొచ్చి చెబితే ఆ శిష్యులే వట్టి మాటలని కొట్టిపారేశారు. తోమా అనే శిష్యుడైతే మేకుల గుర్తులు చూస్తేగానీ నమ్మనన్నాడు, యేసు తిరిగొచ్చి ఆ గాయాలే చూపించాడు. లేచాక కూడా గాయాలు పోలేదు. నాయన కడుపు మీద కుట్లు చూసినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది. తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు సంగతి వేరే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమే అని మొహం మీదే అంటాడు. సగం సగం నమ్మేవాడికి దారి మిగల్చలేదు.

ఆపరేషన్ బాగా అయ్యింది కాబట్టి నమ్మానని అనుకోకండి. నేను మోకాళ్లేసింది ముందురోజు రాత్రి, ఏమవుతుందో తెలియనప్పుడే. ఇప్పటికీ చెకప్‌లంటే గుండె దడే, కానీ చావే ఆఖరు అన్న ఆలోచన పోయింది.

భాష పాత గ్రాంథికమే, కొత్తవాళ్లు నెమ్మదిగా చదవాలి. రెఫరెన్సులు (సంబంధం ఉన్న వేరే వచనాలు ఎక్కడున్నాయో చెప్పేవి) మాత్రం బాగా చిన్న అక్షరాల్లో వేశారు, నాయనకు అవి దండగ. మొత్తానికి ఇంట్లో పెద్దవాళ్లుంటే కొనొచ్చు, జిప్ లేనిదే అడగండి. షాపులోనే పేజీలన్నీ ఓసారి తిప్పి చూసుకోండి, నాదాంట్లో లూకా చివర రెండు పేజీలు అంచు తెగకుండా వస్తే బ్లేడుతో నేనే విడదీసుకున్నాను.